అరువు సొమ్ముతో జూదము – ద్రౌపది అడిగిన ప్రశ్న

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్సు కళాశాల రాతిసౌధము ఎదుట, ప్రాతఃకాలమున నడకకు వచ్చు పెద్దలు అనేకులు గలరు. తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి, విద్యానగరముల నుండి వారు వత్తురు. అదే వేళకు వసతిగృహముల నుండియు, తార్నాక సందులలోని అద్దె గదుల నుండియు విద్యార్థులు పుస్తకములు చేతబట్టి గ్రంథాలయమునకు పోవుచుందురు. పెద్దల చూపు పిల్లలపై నిలుచును. పిల్లల చూపు చేతిలోని ఫోనుపై నిలుచును. ఆ ఫోనులో పాఠములును గలవు, పందెములును గలవు.

ఇట్టి పెద్దల నడుమ నేడు తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. “క్రెడిట్ కార్డుపై తెచ్చిన సొమ్ముతో జూదమాడుటకు ప్రజలను అనుమతింపవచ్చునా?” ఒకరు “వాని సొమ్ము, వాని ఇష్టము” అందురు. వేరొకరు “వలదన్నచో చాటున ఆడుదురు గదా” అందురు. మరియొకరు “ప్రభుత్వము చూచుచు ఊరకున్నచో కొంపలు కూలును” అందురు. మూడు మాటలలోను కొంత సత్యము గలదు. ఏ మాటలో ఎంత సత్యము గలదో తెలియవలెనన్న శాస్త్రమును, పురాణేతిహాసములను ఆశ్రయింపవలెను.

పెద్దలలో రెండు పక్షములు

జూదము విషయమున మన ప్రాచీనులందరు ఒకే మాట చెప్పిరనుకొనుట పొరపాటు. మనువు జూదమును, ప్రాణులతో ఆడు పందెములను రాజు తన దేశము నుండి తొలగింపవలెనని శాసించెను. ఆయన దృష్టిలో అది పట్టపగటి దొంగతనము. యాజ్ఞవల్క్యుడు, కౌటిల్యుడు మాత్రము వేరొక మార్గమును చూపిరి. జూదమును ఒకే చోట, రాజు నియమించిన అధికారి ఎదుట ఆడింపవలెను. గెలుపులో నూటికి 5 వంతున రాబట్టవలెను. కపటపు పాచికలతో ఆడువానిని దండింపవలెను. దొంగలను కనిపెట్టుటకు కూడ ఇది ఉపకరించునని వారి భావము. అనగా నిషేధపక్షము, నియంత్రణపక్షము రెండును మనకు క్రొత్తవి కావు.

నేటి రాజ్యములును ఈ రెంటి నడుమనే ఊగులాడుచున్నవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బున పేకాట విషయమై వచ్చిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగ నైపుణ్యపు ఆటగ పరిగణించెను. 1968 నాటి తీర్పుగ అది న్యాయవాదులకు సుపరిచితము. అయితే ఆటను నడుపువాడు దానివలన లాభము పొందుచున్నచో సంగతి వేరగునని ఆ తీర్పే హెచ్చరించెను. ఫోనులలో ఆట వెలసిన తరువాత నడుపువాని లాభమే దాని ప్రాణమయ్యెను. కావుననే తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి గేమింగు చట్టమును 2017లో సవరించి, అంతర్జాలమున ధనమొడ్డి ఆడు ఆటలను నిషేధించెను. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టెను. 2025 ఆగస్టులో పార్లమెంటు ఒక చట్టము చేసి, ధనముతో ఆడు అంతర్జాల క్రీడలను నడుపుట, ప్రచారము చేయుట, వాటికి బ్యాంకులు చెల్లింపులు జరుపుట నేరములని ప్రకటించెను. నడుపువారికి 3 సంవత్సరముల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా అందు చెప్పబడినవి. ఆడినవానిని మాత్రము ఆ చట్టము దండింపలేదు. వానిని నేరస్థునిగ గాక బాధితునిగ చూచినది. ఈ భేదము గమనింపదగినది.

జూదమును అనుమతించు దేశములు సైతము అరువు సొమ్ము కడ గీత గీసినవి. ఆంగ్లేయుల దేశమున జూదము చట్టబద్ధమైన వ్యాపారము. అయినను 2020 ఏప్రిల్ 14 నుండి క్రెడిట్ కార్డులతో జూదమాడుట అచట నిలిపివేయబడెను. అంతర్జాలమున క్రెడిట్ కార్డుతో ఆడువారిలో నూటికి 22 మంది వ్యసనగ్రస్తులుగ తేలుటయే అందులకు చెప్పబడిన హేతువులలో ఒకటి. ఆస్ట్రేలియాయు 2024 జూనులో అంతర్జాల పందెములకు ఇట్టి కార్డులను నిషేధించెను. జూదమునకు తలుపు తెరచినవారు కూడ అప్పునకు తలుపు మూసిరి. ఏల? ఆ ‘ఏల’కు సమాధానము మన సభాపర్వములోనే గలదు.

ద్రౌపది ప్రశ్న

ధర్మరాజు జూదమున క్రమక్రమముగ ఓడిన తీరును స్మరింతము. మొదట మణులు, పిదప బంగారము, రథము, దాసదాసీజనము, ఏనుగులు, గుఱ్ఱములు. ఇవన్నియు ఆయన కలిగియున్నవి. వాటిని ఒడ్డుట తప్పే అయినను, ఉన్నదానిని పోగొట్టుకొనుట అంతవరకే. తరువాత తమ్ములను ఒడ్డెను. పిమ్మట తన్నుతాను ఒడ్డి ఓడెను. అంతటితో ఆట ముగియవలసియుండెను. శకుని ఆగనీయలేదు. “ఇంకను ద్రౌపది యున్నది గదా” అని గుర్తు చేసెను. ఓడినవాడు ఆట విడువకుండ, వానికి లేని పణమును చూపించుటయే శకుని విద్య.

సభకు రమ్మని కబురు వచ్చినప్పుడు ద్రౌపది విలపింపలేదు. ప్రాతికామిని వెనుకకు పంపి ఒక ప్రశ్న అడిగించెను. తన భర్త మొదట తన్నుతాను ఓడెనా, లేక ముందుగ ఆమెను ఓడెనా? తన్ను ఓడిన పిదప ఆయనకు స్వాతంత్ర్యము లేదు; స్వాతంత్ర్యము లేనివానికి ఒడ్డు అధికారము ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మము సూక్ష్మమని తడబడెను. వికర్ణుడు మాత్రము ధైర్యముగ నిలచి, వ్యసనమున చిక్కినవాడు చేసిన పని ప్రమాణము కాదని పలికెను.

ఇదియే నేటి ప్రశ్నకు మూలము. “వాని సొమ్ము, వాని ఇష్టము” అన్న వాదము కార్డు కడ నిలువదు. కార్డులోనిది వాని సొమ్ము కాదు. అది ఇంకను రాని జీతము, ఇంకను చేయని ఉద్యోగము, ఇంటివారు ఇంకను తినవలసిన అన్నము. అప్పు చేసి పందెము కాయువాడు తన రేపటిని ముందుగనే ఓడి, ఓడిన పిదప మరల ఒడ్డుచున్నాడు. శకుని సభలో “ఇంకను గలదు గదా” అన్న మాటయే, నేడు కార్డుపై మిగిలిన అరువు పరిమితి ఎంతో చూపించు అంకెగ ఫోను అద్దమున కనబడుచున్నది.

వడ్డీ నడక

ఈ అప్పు సామాన్యమైనదియు కాదు. నియమిత దినమునకు పూర్తి మొత్తము చెల్లింపనిచో క్రెడిట్ కార్డు బాకీపై నెలకు నూటికి 3 మొదలు 4 రూపాయల వరకు వడ్డీ పడుట పరిపాటి. నగదు తీసినచో తీసిన నాటినుండియే వడ్డీ నడచును. 50,000 రూపాయల బాకీ, నెలకు నూటికి మూడున్నర వంతున, ఏమియు చెల్లింపక విడిచినచో, వడ్డీపై వడ్డీ చేరి సంవత్సరమునకు సుమారు 75,500 అగును. 21వ నెలకు లక్ష దాటును. ప్రతినెల ‘కనీస మొత్తము’ కట్టిన చాలునన్న మాట వినుటకు దయగ తోచును గాని, అసలు కరుగదు.

మనువు వసిష్ఠుని మతమును అనుసరించి చెప్పిన వడ్డీ 80 పణములకు నెలకు ఒక పణము. అనగా నూటికి ఒకటింపావు. అంతకు మించిన వడ్డీలను కూడ ధర్మశాస్త్రము ఎరుగును. కాని ఎంత వడ్డీ యైనను, ఒకేసారి వసూలు చేయునది అసలును మించరాదని కట్టడి చేసెను. ఋణగ్రస్తుడు ఎన్నటికిని తేలని లోతునకు పోకుండ వేసిన ఆనకట్ట యిది.

అంతకన్న విశేషమైన విధి మరియొకటి గలదు. తండ్రి చేసిన అప్పును కొడుకు తీర్చవలెనన్నది మన ధర్మము. కాని జూదమునకై చేసిన అప్పు, మద్యమునకై చేసిన అప్పు కొడుకు తీర్చనవసరము లేదని మనువు, యాజ్ఞవల్క్యుడు ఇరువురును చెప్పిరి. దీని భావమేమి? జూదరికి అప్పిచ్చువాడు తెలిసియే ఇచ్చుచున్నాడు. ఆ నష్టమును అతడే భరింపవలెను. నిరపరాధియైన బిడ్డపై మోపరాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమును పందెపు ఒప్పందములు చెల్లవనియే చెప్పినది. పందెమున గెలిచినవాడు న్యాయస్థానమునకు పోయి ఆ సొమ్మును రాబట్టుకొనజాలడు.

ఇచటనే కార్డు చేయు మాయ గలదు. జూదగానికి బాకీపడినచో ఆ బాకీ చట్టమున చెల్లదు. కాని కార్డు ద్వారా ఆ సొమ్మును వానికి ముందే చెల్లించినచో, బాకీ జూదగానికి కాక బ్యాంకునకు మారును. పందెపు అప్పు రూపు మార్చుకొని మామూలు అప్పగును. జూదము నడపినవాడు సొమ్ముతో తప్పుకొనును. నోటీసు ఇంటికి వచ్చును. శాస్త్రము, చట్టము వేల యేండ్లుగ మూసియుంచిన ద్వారమును ఒక చిన్న కార్డు ప్రక్కదారిన తెరచినది. కావున జూదమును ఏ మేరకు అనుమతింపవలెనన్న చర్చ ఎట్లున్నను, అప్పుతో జూదము అనుమతింపదగదు. నియంత్రణపక్షము వహించిన యాజ్ఞవల్క్యుని మాటతోనే ఇది తేలుచున్నది.

ఒక దృష్టాంతము

తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకొని, పోటీ పరీక్షలకు చదువుకొనుచున్న పల్లెటూరి యువకుని ఊహింతము. రెండేండ్లు ఒక చిన్న ఉద్యోగము చేసియుండుటచే వానికి కార్డు లభించినది. క్రికెట్టు ఆట నడచునప్పుడు మిత్రుడొకడు పందెపు యాప్ చూపించెను. మొదటి వారము 2,000 వచ్చినది. అదియే ఎర. మూడు నెలలలో 60,000 పోయినది. చట్టము ఆ యాప్‌ను మూయించినచో విదేశమున వెలసిన మరియొకటి తెరచుకొన్నది. వాడు రాత్రులు నిద్రలేక, పగలు గ్రంథాలయమున పుస్తకము తెరచి కూర్చుండి, అక్షరము చూడలేని స్థితికి వచ్చెను.

విషయము తెలిసి తండ్రి ఊరినుండి వచ్చెను. కొడుకు తల వంచుకొని, “బాపూ, నీ సొమ్ము నేను ముట్టలేదు. కార్డు సొమ్ముతోనే ఆడితిని” అనెను. తండ్రి కొంత సేపు మౌనముగ నుండి, “బిడ్డా, నా సొమ్ము పోయియుండినచో ఒక పంట పోయినదనుకొందును. నీవు పోగొట్టినది ఇంకను విత్తని పంట గదా!” అనెను. శాస్త్రమెరుగని ఆ రైతు మాటలో ద్రౌపది ప్రశ్న సంపూర్ణముగ గలదు.

ఋగ్వేదమున పదవ మండలము 34వ సూక్తము జూదరి గోడును వినిపించునది. అప్పులపాలై, భయపడుచు, రాత్రివేళ పరుల ఇండ్లకు పోవు జూదరి అందు కనబడును. వానిని చూచి తల్లిదండ్రులు, సోదరులు “వీడెవడో మేమెరుగము, కట్టి కొనిపొండు” అందురు. వేల యేండ్ల నాటి ఆ ఇల్లు నేటి ఇల్లే. కాని ఆ సూక్తము అచటనే ఆగలేదు. జూదము విడిచి పొలము దున్నుకొమ్మని, ఉన్నదానితో తృప్తి పొందుమని బోధించి, వాని గోవులను, భార్యను వానికి గుర్తు చేసెను. మన దృష్టాంతమున తండ్రియు “మేమెరుగము” అనలేదు. కొడుకును వెంటబెట్టుకొని బ్యాంకునకు పోయి, కార్డు మూయించి, బాకీని వాయిదాలుగ కట్టుటకు ఒప్పందము చేయించెను. వాయిదా కొడుకే సంపాదించి కట్టవలెనని నియమము పెట్టెను. దండన, దయ రెండును ఒకే చేతిలో నున్నవి.

భక్తుల శంకలు

ఇచట భక్తులకు మూడు శంకలు కలుగవచ్చును. వాటిని దాటవేయుట న్యాయము కాదు.

మొదటిది: “శ్రీనివాసుడే అప్పు చేసెను గదా!” నిజము. పద్మావతీ పరిణయమునకై కుబేరుని వద్ద 14 లక్షల నిష్కములు ఋణము తీసుకొనెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. కాని ఆ ఋణము వివాహమను ధర్మకార్యమునకు. బ్రహ్మరుద్రులు సాక్షులు, పత్రము వ్రాయబడెను. నేటికిని వడ్డీ చెల్లించుచు ‘వడ్డికాసులవాడు’ అను పేరును ఆనందముగ మోయుచున్నాడు. అప్పు పాపము కాదని, అప్పును మరచుట పాపమని ఆయన చరిత్ర బోధించుచున్నది. ధర్మమునకై చేసిన ఋణమునకు సాక్షులుందురు. జూదమునకై చేయు ఋణము భార్యకు, తల్లికి తెలియకుండ అర్ధరాత్రి జరుగును. ఆ చాటుతనమే దాని దోషమునకు గుర్తు.

రెండవది: “హాథీరాం బావాజీతో స్వామి పాచికలాడెను గదా!” ఆ కథను తిరుమల యాత్రికులందరును ఎరుగుదురు. కాని ఆ భక్తుడు పాచికలతో కోరినది సంపద కాదు, సాన్నిధ్యము. స్వామి ఆడినది గెలుపునకై కాదు, స్నేహమునకై. ఒకరి నష్టము వేరొకరికి లాభము కానిచో అది క్రీడయే గాని జూదము కాదు.

మూడవది: “వంచించువాటిలో జూదమును నేనే యని గీతాచార్యుడు చెప్పెను గదా!” విభూతియోగమున ప్రతి తెగలోను మిక్కిలి బలమైనదానిని భగవానుడు చూపెను. వంచనలలో జూదము వంటి వంచన లేదనుట దానికి హెచ్చరికయే గాని అనుమతి కాదు. సింహము మృగములలో శ్రేష్ఠమన్నంత మాత్రమున సింహపు గుహలో నిద్రింపవలెనని అర్థము కాదు గదా! భాగవతమున పరీక్షిత్తు కలికి స్థానములు చూపినప్పుడు మొట్టమొదట చెప్పినది జూదమునే. పిదప బంగారమును చేర్చెను. జూదమును, ధనమును ఒకటిగ కలిసినచోట కలికి రెండు పీఠములు ఒకేసారి దొరకును.

కొందరు “గెలిచినచో సగము హుండీలో వేయుదును స్వామీ” అని మ్రొక్కుకొందురు. ఇది భక్తి కాదు. పరమాత్మను జూదమున భాగస్వామిగ చేర్చుకొనుట. ఓడిన ఇంటివారి కన్నీటి సొమ్మును స్వామి పాదముల చెంతకు కొనిపోవుటకు ఏ భక్తుడు సాహసించును?

అడ్డుకొనుట దయయే

ఇక “నిషేధించినచో చాటున ఆడుదురు” అన్న మాట మిగిలినది. అది అసత్యము కాదు. మలక్‌పేట మైదానమున గుఱ్ఱపు పందెములు బహిరంగముగ జరుగుచుండగ, ఫోనులోని పందెమును మాత్రమే తప్పనుట ఎట్లని అడుగువారును గలరు. అయితే ఆ మైదానమునకు పోవలెనన్న పగలు కావలెను, ప్రయాణము కావలెను, చేతిలో సొమ్ము కావలెను. కార్డు ఈ మూడు అడ్డంకులను ఒక్కసారిగ తొలగించినది. చట్టము జూదమును సమూలముగ నిర్మూలింపలేకపోవచ్చును. తొలగిన అడ్డంకిని మరల నిలుపగలదు. కోపమున, ఆశలో కన్నుగానని యువకునికి ఒక రాత్రి ఆలస్యమే ప్రాణరక్షణ కావచ్చును. ప్రచారకులును బాధ్యులే. 2025 మార్చిలో బెట్టింగు యాప్‌లను ప్రచారము చేసిరని పలువురు నటులపై, సామాజిక మాధ్యమ ప్రచారకులపై హైదరాబాదు పోలీసులు కేసులు నమోదు చేసిరి. జూదమునకు పిలుచువాడు ఆడువానికన్న తక్కువ దోషి కాడన్న సంగతి శకుని కథవలననే తెలియును.

వనపర్వమున శ్రీకృష్ణుడు అడవికి వచ్చి పాండవులను చూచిన ఘట్టము ఈ చర్చకు ముగింపు చెప్పుచున్నది. తాను ఆ సమయమున ద్వారకలో లేనని, సాల్వునితో యుద్ధమునకు పోయితినని, లేనిచో పిలువకున్నను ఆ సభకు వచ్చియుండెడివాడనని స్వామి పలికెను. జూదపు దోషములను ధృతరాష్ట్రునకు విప్పి చెప్పి మాన్పించెడివాడనని, వినకున్నచో బలిమిచేతనైనను ఆపెడివాడనని చెప్పెను. ధర్మరాజు పెద్దవాడు, తెలిసినవాడు, తన ఇష్టముననే ఆడెను. అయినను “ఆయన ఇష్టము” అని కృష్ణుడు అనలేదు. ఆప్తుడు చేయవలసినది పిలుపునకై వేచియుండుట కాదు; ముందు నచ్చజెప్పుట, కాకున్న అడ్డుకొనుట. సభలో భీష్మద్రోణులు చేయనిది ఇదియే. విదురుడు నచ్చజెప్పెను గాని వానిని వినువారు లేకపోయిరి.

గృహస్థులు చేయవలసినది సులభముగ చెప్పవచ్చును. బిడ్డకు కార్డు ఇచ్చునప్పుడే అది ధనము కాదని, ఋణమని చెప్పవలెను. వారమునకొకసారి ఇంటిల్లిపాది కూర్చుండి జమాఖర్చులు మాటాడుకొనవలెను. దాచుటకు అవకాశము లేనిచోట వ్యసనము వేరూనదు. తప్పు చేసినవాడు చెప్పుకొనుటకు వచ్చిననాడు వానిని వీధిలో నిలుపరాదు. అప్పుల భారముకన్న అవమాన భయమే యువకులను అఘాయిత్యమునకు పురికొల్పుచున్నది. అట్లని బాకీని రహస్యముగ తీర్చివైచి మరల కార్డు చేతికి ఈయరాదు. వానిచేతనే కొంతైనను తీర్పింపవలెను. వైద్యుని సలహా కావలసినచో సిగ్గుపడక తీసుకొనవలెను.

నిండు సభలో భర్తలు తల వంచుకొనిన వేళ ద్రౌపదికి దక్కినది ఒకే దిక్కు. ఆమెకు చీరలిచ్చిన ఆ గోవిందుడు నేడును తార్నాక గదిలో ఒంటరిగ మేల్కొనియున్న యువకుని పిలుపు వినగలడు. అయితే ఆ పిలుపు అర్ధరాత్రి గదిలోనే ఆగిపోకుండ, తెల్లవారుసరికి తల్లి చెవిని పడునట్లు చూచుట ఇంటివారి పని. ఋణమును తీర్చు బుద్ధిని, పిలువకున్నను పోయి ఆపు దయను శ్రీనివాసుడు మన గృహములకు ప్రసాదించుగాక!